నాలుగో పిడికిలి

చెంచమ్మ చనిపోయిన సంగతిని నిఘా విభాగం ఆమె భర్త మాలకొండయ్యకు నాలుగు రోజులు చెప్పలేదు. చెబితే అతను చేస్తున్న ఆపరేషన్ చెడుతుందని. ఐదో రోజు ఆ కబురు చెప్పింది దర్శిలో బట్టలు కుట్టే జైనాబీ. అప్పటికి దహనం కూడా అయిపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అది జరిగిన రెండేళ్ళకు, 2009 మార్చిలో, అద్దంకిలో ఒక లాడ్జి గదిలో విభాగాధిపతి దుర్గాప్రసాద్ అతని ముందు ఫొటో పెట్టాడు.

"కెల్నర్. విదేశీయుడు. మిర్చి నూనె కొనే వ్యాపారిగా గుంటూరులో దిగాడు. అసలు కొనేది రహస్యాలు. మన పాత కంప్యూటర్ డిస్కు కాపీ అతని చేతిలో పడింది."

"అందులో ఏముంది సార్?"

"మనకు సమాచారం ఇచ్చేవాళ్ళ జాబితా. ముప్పై ఒక్క పేర్లు, ఊళ్ళతో సహా. బయటపడితే ఒక్కరూ మిగలరు."

"జైనాబీ పేరు?"

"పదిహేడోది."

మాలకొండయ్య ఫొటోను వెనక్కి తోశాడు. ఆ మొహాన్ని ఇంకోసారి చూడాల్సిన అవసరం అతనికి కనపడలేదు.

"ఆ జాబితా మన పాత మిషన్ మీద తప్ప తెరుచుకోదు," అన్నాడు దుర్గాప్రసాద్. "అందుకని కెల్నర్ ఎమ్యులేటర్ పెట్టాడు. ఆ మిషన్‌లా నటించే ప్రోగ్రాం. డిస్కు కూడా ఉత్తుత్తిదే, ఒక ఫైలు. బూట్ కావడం లేదు. మిషన్‌ను మొదట నిద్రలేపే ఫర్మ్‌వేర్‌కి ఆ ఉత్తుత్తి డిస్కు కనపడట్లేదు. కనపడేట్టు చేసే మనిషి కోసం వెతుకుతున్నాడు."

"నేను వెళ్ళి కనపడేట్టు చెయ్యాలి."

"చేసి, చెడగొట్టాలి. ఫైలు ఒక్కటే. రెండోది ఉంటే ధర పడిపోతుందని మిగతావి అతనే చెరిపేశాడు. లోపల మన మనిషి ఉన్నారు. 'ఈ ఏడు తాలుకాయ ఎక్కువా?' అని అడిగితే, 'ఎండను బట్టి' అను."

మర్నాడు పొద్దున గుంటూరు శివారు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర మిర్చి లారీలు బారులు తీరి ఉన్నాయి. చీరాల నుంచి వచ్చిన కంప్యూటర్ రిపేరు మేస్త్రీ వేషంలో మాలకొండయ్య దిగాడు. జేబులో నాలుగు చుట్టలు. వాటిలో లావుపాటి దాని కడుపులో పెన్‌డ్రైవ్.

"ఓ చుట్ట పడెయ్ బాబాయ్," అన్నాడు గేటు కాపలావాడు. చెయ్యి చాచింది లావుపాటి దాని మీదకే.

"అది తడిసిందిరా. దగ్గొస్తుంది. ఇది కాల్చు," అని ఇంకోటి ఇచ్చి లోపలికి నడిచాడు.

ఆఫీసు గదిలో ముగ్గురున్నారు. తెల్లచొక్కా కెల్నర్. అతని దళారీ, యార్డులో ముప్పై ఏళ్ళు మిర్చి కొన్న జయరావు. మూడోది సౌజన్య, కెల్నర్ సెక్రటరీ. నల్లకళ్ళద్దాలు, పట్టు చొక్కా. మిర్చి ఘాటుకి అందరూ తుమ్ముతున్నా ఆమె తుమ్మలేదు. గదంతా ఆమె సెంటు వాసన.

"సాయంత్రం నాలుగింటికి కొనే పార్టీ వస్తది. ఈలోగా పని అవ్వాల మేస్త్రీ," అన్నాడు జయరావు.

మాలకొండయ్య కూర్చున్నాడు. ఫర్మ్‌వేర్ కోడ్ తెరిచాడు. పని నిజానికి చిన్నదే. పీసీఐ బస్సు, అంటే మిషన్ భాగాలన్నీ తగులుకునే దారి, దాని మీద ఉత్తుత్తి డిస్కును వెతకాలి. రీసెట్ చెయ్యాలి. నిన్ను చూశాను, నిన్ను నడపగలను అని దానికి చెప్పాలి. మెమొరీలో ఒక క్యూ కేటాయించి, దాని చిరునామా ఇవ్వాలి. సిద్ధం అనాలి. ఆ తర్వాత క్యూలో పెట్టే ప్రతి కోరిక మీదా ఒక అంకె ఉంటుంది. సున్నా అంటే చదువు. ఒకటి అంటే రాయి.

చుట్ట కాల్చే నెపంతో బయటికెళ్ళి తీసిన పెన్‌డ్రైవ్‌లోంచి ఇరవై లైన్లు కలిపి ఫర్మ్‌వేర్ తయారుచేశాడు. మూడు ముప్పావుకి తెరమీద డిస్కు పేరు పడింది.

"కనపడితే సరా? సరుకు చూడాలిగా," అని జయరావు కుర్చీ లాక్కున్నాడు. "బస్తా మూతి కాడ అందరూ మంచి కాయే పెడతారు. మొదట్లో ఒక సెక్టారు తియ్, పిడికెడంత. నడుమ ఒకటి. అడుగున ఒకటి."

మూడూ తీశాడు. మూడూ సరిగ్గా ఉన్నాయి.

"ఇంకొకటి చూడమను," అన్నాడు కెల్నర్ ఇంగ్లీషులో. సౌజన్య తెలుగులో చెప్పింది.

జయరావు మొహం ఎర్రబడింది. "మూడు పిడికిళ్ళు చూశాక నాలుగోది తీసేవాణ్ణి యార్డులో మనిషి కింద లెక్కెయ్యరు. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదా? కానియ్, బూట్ కొట్టు!"

మాలకొండయ్య మీట నొక్కాడు. అతను మిర్చి రైతు కొడుకు. నాన్న బస్తాల్లో ఇలాంటి చేతులు మూడేసిసార్లు మునిగి లేవడం చిన్నప్పుడే చూశాడు. అందుకే ఫర్మ్‌వేర్ మూడు కోరికలను నిజాయితీగా చదివించింది. నాలుగో దాని నుంచి సున్నాను ఒకటి చేసింది, చదవమన్నది రాయమన్నది అయింది. డిస్కు మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాసుకుంటూ పోతోంది. పనికి ఐదు నిమిషాలు. పాత మిషన్ బూట్ కావడానికి ఆరు పడుతుందని వాళ్ళకు తెలుసు. నల్లతెర చూస్తూ ఓపిగ్గా నిలబడ్డారు.

నాలుగో నిమిషంలో సౌజన్య కళ్ళద్దాలు తీసింది. తెరమీద పక్క విండోలో ఆ డిస్కు ఫైలు పేరు ఎదుట సమయం క్షణక్షణం మారుతోంది. చదివితే మారదు. రాస్తే మారుతుంది.

ఆమె తెరకు అడ్డంగా వచ్చింది. "ఈ ఏడు తాలుకాయ ఎక్కువా మేస్త్రీ?"

మాలకొండయ్య ఒక్క క్షణం ఆమెను చూశాడు. "ఎండను బట్టి."

కెల్నర్ ఆమె భుజం మీదుగా ఆ సమయాన్ని చూడనే చూశాడు. అరిచి, గోడ దగ్గరికి దూకి మెయిన్ స్విచ్ ఆపేశాడు. గదిలో ఫ్యాన్ ఆగింది. లైటు ఆరింది. కంప్యూటర్ ఆగలేదు. గుంటూరు ఎండాకాలంలో కరెంటును నమ్మి కంప్యూటర్ పెట్టేవాడెవడు? బల్లకింద యూపీఎస్ బీప్‌మంటూ మిగిలిన నిమిషం మోసింది. కెల్నర్ వంగి దాని వైర్లు పట్టుకునేసరికి సౌజన్య పిస్తోలు అతని మెడమీద ఉంది. ఆఖరి సెక్టారు సున్నా అయింది.

"నాలుగోది చూడాల్సింది," అన్నాడు జయరావు నీరసంగా. బయట కాపు కాసిన మఫ్టీ పోలీసులు లోపలికొచ్చారు.

బయట లారీ నీడలో మాలకొండయ్య అడిగాడు. "డిస్కు వీడికి ఎవరమ్మారు?"

"నేనే," అంది సౌజన్య. "దుర్గాప్రసాద్ గారు ఇమ్మన్నారు. వీణ్ణి పట్టడానికి ఎర."

"పేర్లు?"

ఆమె తల తిప్పుకుంది. "నిజమైనవే."

దుర్గాప్రసాద్ జీపు దిగి నవ్వుతూ వచ్చాడు. "శభాష్ మాలకొండయ్యా!"

"ముప్పై ఒక్కమందిని ఎర వేశారా?"

"దొంగపేర్లు పెడితే వాడు నమ్మడయ్యా. పని అయిందిగా? ఎవరికీ ఏమీ కాలేదుగా? రిపోర్టు రాయి. నీకు మెడల్ ఇప్పిస్తా. కొత్తవాళ్ళకు దీని మీద ఒక పాఠం కూడా చెబుదువుగాని."

మాలకొండయ్య జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు. అది చదవగానే దుర్గాప్రసాద్ మొహం మాడింది. రిపోర్టు మూడే వాక్యాలు.

"డిస్కు కనపడింది. తర్వాత లేదు. దీని గురించి నేను ఇక నోరు విప్పను, విభాగం అడిగినా సరే, మెడల్ ఇచ్చినా సరే."