ప్లస్సూ మైనస్సూ లేని కెపాసిటర్

"ఈ పని చేసినవాడి చేతులకి బేడీలు వెయ్యాలి," అంది ఆమె.

తన రిపేరు షాపులో ఆ స్పీకరు వెనక చెక్క విప్పి, కాలి నల్లబడ్డ ముక్క ఒకదాన్ని పటకారుతో బయటికి లాగి బల్ల మీద పెట్టింది. బల్లకి ఇవతల నిలబడ్డ అతను తన చేతులు రెండూ మెల్లగా ప్యాంటు జేబుల్లో దాచుకున్నాడు.

"ఎవరు చేశారండీ ఇది?"

"ఎవరో... మెకానిక్."

"ఆ టంకం చూడండి. పిచ్చుక రెట్ట వేసినట్టుంది!"

"పాపం, కొత్తవాడేమో."

"కొత్తవాడైతే పనికిరాని రేడియో మీద నేర్చుకోవాలి. ఇంత పాత స్పీకరు మీదా ప్రయోగం?"

అతను డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. గోడల్నీ స్తంభాల్నీ ముద్దాడబోయే కార్లని ఆపడం అతని ఉద్యోగం. అంత నిదానస్తుడు ఇంట్లో చేసిన ఘనకార్యమే ఇప్పుడు బల్ల మీద ఉంది.

ఆ స్పీకర్ల జత తాతయ్యది. పెళ్ళైన కొత్తలో కొన్నాడు. ఈ మధ్య "పాట మీద దుప్పటి కప్పినట్టుందిరా" అంటూ వాటికి దూరంగా కూర్చుంటున్నాడు. ఆయన కూతురి ఊరు వెళ్ళగానే మనవడు వీడియోలు చూసి, ఆశ్చర్యపరుద్దామని ఒకదాన్ని విప్పాడు. కొత్త కెపాసిటర్లు పెట్టి పాట వేశాడు. పల్లవి పూర్తి కాకముందే ఢామ్మని పేలింది.

"ఇది క్రాస్ఓవర్," అందామె లోపలున్న చిన్న పలక చూపిస్తూ. "పాట ఇక్కడికొచ్చి రెండుగా చీలుతుంది. లావు శబ్దం ఈ పెట్టెలో కింది పెద్ద స్పీకరుకి, సన్న శబ్దం పై చిన్న స్పీకరుకి వెళ్ళాలి."

"అంటే, ట్రాఫిక్ కానిస్టేబులా?"

ఆమె మొదటిసారి తలెత్తి అతన్ని సరిగ్గా చూసింది. "అచ్చంగా! కానిస్టేబుల్ ఈ కెపాసిటర్. ఏళ్ళు గడిస్తే లోపల ఎండిపోయి డ్యూటీ ఎగ్గొడుతుంది. మార్చాల్సిందే. కానీ ప్లస్సూ మైనస్సూ లేని రకం పెట్టాలి. పాటలో కరెంటు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది కదా. మీవాడు ప్లస్సూ మైనస్సూ ఉన్నది తెచ్చి తగిలించాడు. పేలక ఏం చేస్తుంది? అదృష్టం, చిన్న స్పీకరు బతికే ఉంది."

చెబుతూ నవ్వింది. ఆ నవ్వుకి అతను గేరు జారి న్యూట్రల్లో పడ్డాడు.

"రెండోది ఎక్కడుంది?"

"ఇంట్లో. దాని మీద ఇంకా నా చె... మెకానిక్ చెయ్యి పడలేదు."

"రెండూ మారిస్తేనే జత కుదురుతుంది. తీసుకురండి."

"తాతయ్య ఎల్లుండి వచ్చేస్తారండీ. మీరే వస్తే... కార్లో తీసుకెళ్తాను."

ఆ కార్లోనే రెండో స్పీకరునీ తేవచ్చు. ఆ సంగతి అతను అనలేదు. ఆమె కూడా అనకుండా, సరైన రకం కెపాసిటర్ వేసి బాగుచేసిన స్పీకరు అతని చేతికిచ్చి, తన పనిముట్ల పెట్టె అందుకుంది.

డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. సన్నగా వాన మొదలైంది. ప్రతి మలుపులోనూ కారు ఠక్కున ఆగింది.

"మీరు తొక్కుతున్నది నిజం బ్రేకండీ," అన్నాడతను బతిమాలుతున్నట్టు.

"తెలుసు. అందుకే తొక్కుతున్నా."

తలుపు తీసిన నానమ్మ ఆమెని చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "రామ్మా, రా. వీడు చేసిన పనికి హాలంతా పొగ! నేను బల్ల కిందికి దూరాను."

"వీడు... అంటే?"

"వీడే, నా మనవడు! పొద్దుటంతా టంకం కడ్డీ పట్టుకుని పొడిచిందే పొడిచాడు."

ఆమె నెమ్మదిగా అతని వైపు తిరిగింది. "మీ మెకానిక్ బాగున్నారా?"

"బాగానే ఉన్నాడండీ. తల ఎత్తలేకపోతున్నాడు."

"నాతో అబద్ధమెందుకు చెప్పారు?"

"బేడీలన్నారు కదా, భయమేసింది." ఇక నిజం చెప్పేశాడు. "ఆ తర్వాత, మీరు వాణ్ణి తిడుతుంటే వినబుద్ధేసింది. ఆపాలనిపించలేదు."

ఆమె కోపంగానే ఉండాలని చూసింది. పెదవులు మాట వినలేదు.

"పిలవండి ఆ మెకానిక్‌ని. రెండోది అతనే చెయ్యాలి."

ఇద్దరూ స్పీకరు వెనక నేల మీద కూర్చున్నారు.

"తొందరపడకండి. ముందు తీగ వేడెక్కనివ్వండి. ఎదురుగా చూడండి, నా వైపు కాదు."

"ఇవన్నీ నేను రోజూ మా స్టూడెంట్లకి చెప్పేవే."

"వాళ్ళు వింటారా?"

"వినరు."

"మీరు వినండి."

విన్నాడు. ఈసారి టంకం చిన్న ముత్యంలా మెరిసింది. ఆమె మెచ్చుకోలుగా తల ఊపింది. లైసెన్సు వచ్చిన కుర్రాడిలా అతను పొంగిపోయాడు.

అప్పుడే గుమ్మంలో సంచి పడిన చప్పుడు. కూతురింట్లో తోచక తాతయ్య ముందే వచ్చేశాడు. చెల్లాచెదురుగా తీగలు, కాలిన వాసన, ఎవరో అమ్మాయి. మనవడు లేచి నిలబడి జరిగినదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

తాతయ్య కోప్పడలేదు. వెనక చెక్క బిగించేదాకా ఆగి, తనే రికార్డు పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. వీణ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా తెలిసింది. గాయని పల్లవి ఎత్తుకునే ముందు తీసిన ఊపిరి వినబడింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా చెవులే పోతున్నాయనుకున్నాను. భయమేసి ఎవరికీ చెప్పలేదు."

నానమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటికి ఏదో తట్టి తీసేసింది.

"అంటే మీ చెవులు లక్షణంగా ఉన్నాయన్నమాట. మరి వంటింట్లోంచి గొంతు చించుకున్నా పలకరేం?"

"ఆఁ? ఏమన్నావ్?" అన్నాడు తాతయ్య.

అతను ఆమెని సాగనంపడానికి వరండాలోకి వచ్చాడు. వాన జోరందుకుంది. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మళ్ళీ మీ షాపుకి రావాలంటే ఈసారి ఏం పాడుచెయ్యను?"

"ఏమీ పాడుచెయ్యకండి. ఆదివారం రండి," అంది ఆమె అంతకన్నా మెల్లగా.

"ఆదివారం మూసేస్తారు కదా?"

"మూసేస్తాను. అందుకే రమ్మంటున్నా."

అతను నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"వస్తానని చెప్పరా మొద్దూ!" లోపల్నుంచి తాతయ్య కేక.

"అమ్మో! తలుపవతలి గుసగుస కూడా వినిపించిందీ మనిషికి!" నానమ్మ కేక.

మరుక్షణం తాతయ్య పాట సౌండు ఒక్కసారిగా పెంచేశాడు. ఆ హోరులో, ఆ వానలో, అతనికి అరవక తప్పలేదు.

"వస్తానండీ!"

"వినిపించింది," అంది ఆమె.