చుక్క ఆరేదాకా

"నిన్న మందు ఉందన్నారు, ఇవాళ లేదంటున్నారు. ఇది మిషనా, మీ మూడ్ చూపించే అద్దమా?"

పళ్ళ మార్కెట్ ఇన్‌స్పెక్టరమ్మ నిలదీసేసరికి ల్యాబ్ కుర్రాడి నాలుక మడతపడింది. మామూలుగా అయితే వసపిట్ట. ఆమె కనిపిస్తే మాత్రం పిల్లి.

ద్రాక్షపళ్ళు కడిగిన నీళ్ళు ఆమె తెస్తుంది. వెండి రేణువులు పూసిన గాజుముక్క మీద అతను ఒక చుక్క వేసి లేజర్ కొడతాడు. పురుగుమందు ఆవగింజలో అరవయ్యో వంతున్నా తెర మీద గీత కొండలా లేవాలి. ఇవాళ అది కొత్తల్లుడిలా పడకేసింది.

"సీసా అదేగా?"

"అదేనండి."

"చెయ్యి?"

"అదేనండి, కాకపోతే వణుకుతోంది."

"ఎందుకు?"

జవాబుంది గానీ ల్యాబ్‌లో చెప్పేది కాదు.

"సాయంత్రంలోగా తేల్చకపోతే సీసాలన్నీ వేరే ల్యాబ్‌కి పట్టుకుపోతా. ఇక ఇటు రాను."

కుర్రాడి గుండె జారి చెప్పుల్లో పడింది. గబగబా చుక్క వేసి వెంటనే లేజర్ కొట్టాడు. చదును. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని అతన్ని ఉతికి ఆరేసింది. అంతా విని, దిక్కుతోచక అదే చుక్క మీద మళ్ళీ లేజర్ కొట్టాడు. కొండ లేచింది.

"మీరు తిడితే పనిచేస్తోందండి."

"వేళాకోళమా?"

"ఇంకోసారి తిట్టి చూడండి."

కొత్త చుక్క. ఈసారి అతని గడ్డంతో మొదలుపెట్టి చొక్కా బొత్తాం దాకా వచ్చింది. మళ్ళీ కొండ.

మూడో చుక్క వేయగానే ఇన్‌స్పెక్టరమ్మకి వాళ్ళమ్మ ఫోన్ చేసింది, ఆమె వరండాలోకి వెళ్ళింది. తిట్టే దిక్కు లేదు. అయినా కాసేపాగి లేజర్ కొడితే కొండ లేచి కూర్చుంది.

అతను గాజుముక్క కేసి చూశాడు. చుక్క ఆరిపోయింది. నీరు పోతేనే వెండి రేణువులు దగ్గరికి జరుగుతాయి, వాటి సందుల్లో ఇరుక్కున్న మందు మెరుస్తుంది. ఈ తొందరమనిషి తడి మీదే కొడుతున్నాడు. నిన్న ఫలితం కోసం ఆమె మళ్ళీ వస్తోందని, చుక్క వేసి తల దువ్వుకోడానికి వెళ్ళాడు కాబట్టి ఆరింది.

చెబితే ఆమెకి ఇక్కడ కూర్చుని తిట్టే పనుండదు. చెప్పకపోతే పళ్ళు తినేవాళ్ళ గతేంటి? ఆమె రాగానే చెప్పేశాడు.

"తిట్టక్కర్లేదండి. చుక్క ఆరేదాకా ఆగితే చాలు."

"తెలుసు. రెండోసారి తిడుతుంటే చూశా."

"మరి ఆపలేదేం?"

"అప్పటికి బొత్తాం దగ్గరున్నా. మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

"అయితే సీసాలు వేరే ల్యాబ్‌కి పట్టుకెళ్తారా?"

"ఇంకా నాలుగున్నాయిగా. లేటవుతుందని ఇందాకే అమ్మకి చెప్పేశా."

కుర్రాడు తర్వాతి చుక్క వేశాడు. గాజుముక్క నిండిపోయింది.

"అది చుక్కా, చెరువా?" అందామె.

తుడవమని మాత్రం అనలేదు. కుర్చీ ఇంకాస్త ఇటు జరుపుకుంది.