నెమలికొండ నీలం

సింహవోలు రాజ్యపు పడమటి ఎల్లలో నిటారుగా లేచిన నెమలికొండను పొరుగు రాజు మల్లిదేవుని సేనలు చుట్టుముట్టి నాలుగు నెలలు నిండాయి. దిగువన డేరాలు, ఏనుగులు, నిండుగా పారే వాగు. ఎగువన కోటలో అయిదు వందల ప్రాణాలు, నానాటికీ అడుగంటుతున్న ఒకే ఒక్క నీటిదొన. ఈ రాళ్ళగుట్ట కోసమా ఇంత సేన అని దారిన పోయేవాడికి అనిపించవచ్చు. కానీ ఆ గుట్ట కడుపులో రాజావర్తపు రాయి ఉంది. దాన్ని నూరి తీసిన నీలం రంగుకు దేశదేశాల చిత్రకారులు ఎత్తుకు ఎత్తు బంగారం ఇచ్చేవారు. తాతల కాలం నుంచి ఆ కొండ నాలుగుసార్లు చేతులు మారింది. మారినప్పుడల్లా తలలు తెగాయి తప్ప, గనివాళ్ళ కూటిలోకి ఉప్పు కూడా అదనంగా రాలేదు.

దుర్గాధిపతి కాటయ సేనాని మాట మీద బతికే మనిషి. కోట తనకు అప్పగించిన నాడు రాజు చేతి తాంబూలం అందుకుని, "నేను బ్రతికి ఉండగా ఈ తలుపు శత్రువుకు తెరుచుకోదు" అని నిండు సభలో కత్తి ముట్టి ప్రమాణం చేశాడు. ఇప్పుడు ఆయన ఆశ అంతా రాజధాని నుంచి రావలసిన సేన మీదనే ఉంది. ఆ సేనను పంపడానికి రాజు సోమభూపతి ఒక షరతు పెట్టాడు.

"మా సభామంటపపు కప్పు నీలవర్ణంతో నిండిన దినాననే మా సేన కదలును. మొదటి కడుగు నీలం పది కుంచములు పంపవలసినది" అని ఆజ్ఞాపత్రం.

నూరిన రాతిపొడిని మైనంతో, గుగ్గిలంతో కలిపి ముద్ద చేసి, తొట్టి నీళ్ళలో గంటల తరబడి పిసికితే రంగు నీటిలోకి దిగుతుంది. మొదటి కడుగులో దిగేదే అసలు నీలం. ఆ తరువాతిది బూడిద. కుంచెడు నీలానికి తొట్లకు తొట్లు నీళ్ళు కావాలి. నలభై ఏళ్ళుగా ఆ ముద్దలు పిసికిన వల్లెమ అవ్వ పత్రం సంగతి విని కాటయ ఎదుటికి వచ్చి నిలబడింది.

"నాయకా, ఈ నీళ్ళు ముద్దకు పోస్తే రంగు దిగుతుంది. పసిదాని నోట్లో పోస్తే పానం నిలుస్తుంది. దేనికి పొయ్యమంటావో నీ నోటితోనే చెప్పు."

కాటయ దొన వైపు ఒకసారి చూశాడు. "తొట్లలోనే పొయ్యండి అవ్వా. సేన వస్తే వాగంతా మనదే. మీ అందరిచేతా కడుపునిండా నీళ్ళు తాగించే పూచీ నాది."

ఆ నెలలో నూటముప్పై మంది నాలుక పిడచగట్టి చనిపోయారు. వారిలో వల్లెమ మనవరాలూ ఉంది. కొండ వెనుక నీటిచుక్క లేని చరియ మీదుగా రాయిని దించే గంపలో, శత్రువుల కావలివాళ్ళ కన్నుగప్పి ఒక్కొక్క మనిషే దిగి, పది కుంచాల నీలాన్నీ రాజధానికి చేర్చారు. సేన రాలేదు. రాజద్రోహ నేరానికి సంజాయిషీ చెప్పుకోమని కాటయకు పిలుపు వచ్చింది. ఆయన అదే గంపలో దిగి, మూడు దినాలు నడిచి రాజధాని చేరాడు.

మంటపపు కప్పు కాకిరెక్కలా నల్లగా ఉంది. సున్నం ఆరడానికి పెట్టిన కుంపట్ల సెగకు నీలమంతా మసిబారిందట. మహామంత్రి విద్దనామాత్యుడు చేతులు జోడించాడు.

"దేవా, నిజమైన నీలాన్ని మల్లిదేవునికి అమ్ముకుని, ఏలినవారికి నీలిమందు కలిపిన మట్టిని పంపిన ద్రోహి వీడు. దివ్యం చేయించండి. ఎర్రగా కాలిన ఇనుమును పట్టి ఏడడుగులు నడవనివ్వండి."

సోమభూపతి తల ఊపాడు. ఇనుము కాలింది.

"దేవా, రంగు మీద అనుమానం వస్తే మా కొండవారు మొదట రంగునే కాలుస్తారు" అన్నాడు కాటయ. మొలనున్న సంచి విప్పి, వల్లెమ మూటగట్టి ఇచ్చిన చిటికెడు నీలాన్ని ఆ ఇనుము మీద చల్లాడు. అది నీలంగానే నిలిచింది. కప్పు నుంచి గీకిన రంగు వేస్తే పొగ ఎగసి మసి అయింది.

"చూపడానికి చిటికెడు మంచిది తెచ్చుకున్నాడు" అన్నాడు మంత్రి.

కాటయ ఇక వాదించలేదు. నీలం అంటుకుని ఉన్న ఆ ఇనుమును రెండు చేతులా ఎత్తి ఏడడుగులూ నడిచి, మంత్రి పాదాల ముందు దించాడు. మాడిన మాంసపు వాసనకు సభికులు పైబట్టలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నిందితుడు ఏడడుగులూ నడిస్తే నింద మోపినవాడు కూడా అదే ఇనుము పట్టాలన్నది ఆ రాజ్యపు ధర్మం. అంతవరకూ ఎవడూ ఏడో అడుగు వేయలేదు గనుక, దాన్ని మంత్రితో సహా అందరూ మరిచారు.

"నువ్వూ పట్టు, అమాత్యా" అన్నాడు కాటయ.

విద్దన ఆ ఇనుము ముట్టకుండానే రాజు పాదాల మీద పడ్డాడు. అసలు నీలం తన ఇంటనే ఉందనీ, మల్లిదేవుడు సామంతపదవి ఆశ చూపాడనీ చెప్పేశాడు. అక్కడికక్కడే తల తెగింది.

రాజు ముఖం వికసించింది. "కాటయా, నిప్పుకు చెద పట్టదని నిరూపించితివి. మా నీలం మాకు దక్కినది."

"సేన, దేవా."

"మసి గీకించి, మరల సున్నం పూయించి, రంగు వేయించుటకు రెండు మాసములు పట్టును. కప్పు నిండిన దినాననే సేన కదలునని గదా మా వాక్కు. రాజవాక్కు మారరాదు."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. కాలిన చేతులకు కంకణం తొడగడం వీలుకాక, కాలికి గండపెండేరం తొడిగించి పంపాడు ఆ మహారాజు.

గంపలో కాటయను పైకి లాగినప్పుడు కోటలో మూడు వందల మందే మిగిలారు. దొనలో బురద ఉంది. ఆ ఉదయమే మల్లిదేవుని దూత తలుపు ముందు నిలిచి చాటాడు: "తలుపు తెరిస్తే వాగు మీది, ప్రాణాలకు అభయం. గనివాళ్ళు చస్తే ఈ రాళ్ళతో మా దొరకేమి పని?"

"సేన ఏదీ నాయకా?" అంది వల్లెమ.

"రాదు. రాజుగారు తమ మాట నిలుపుకున్నారు. నాకు రెండు మాటలున్నాయి అవ్వా. ఆయనకిచ్చినది ఒకటి, నీకిచ్చినది ఒకటి."

"రెండూ ఎట్టా నిలుస్తాయి?"

"ఒకదాని వెనుక ఒకటి. నన్ను మళ్ళీ గంపలో దించండి. చుట్టు తిరిగి తలుపు ముందుకు వస్తాను. నేను పడిపోవడం కళ్ళారా చూశాకనే గడియ తీయండి. అంతకు ముందు తీస్తే నా మాట పోతుంది."

ఆ చేతులతో కత్తి పట్టలేడు. వల్లెమే గంపతాడు ముక్క కోసి, కత్తిని ఆయన ముంజేతికి కట్టింది. కడుతున్నంతసేపూ ఏడ్చింది. తన మనవరాలిని చంపినవాడి కోసం ఏడుస్తున్నందుకు తనను తానే తిట్టుకుంది.

ఎండ నడినెత్తిన ఉండగా కాటయ ఒక్కడే శత్రువుల మీదికి నడిచాడు. ఎక్కువసేపు పట్టలేదు. ఆయన పడిపోయాక, తలుపు తెరుచుకుంది.

జనం వాగులో పడి పశువుల్లా తాగారు. వల్లెమ కూడా తాగి, నీళ్ళు తెచ్చి శవాన్ని కడిగింది. గండపెండేరాన్ని ఎవడో సైనికుడు అప్పటికే ఊడదీసుకుపోయాడు. అరచేతుల మీది నెత్తురు పోయింది గానీ, కాలిన చర్మంలో ఇంకిన నీలం ఎంత రుద్దినా పోలేదు. ఆమె ఇంకా రుద్దుతూ ఉండగానే మల్లిదేవుని అధికారి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అవ్వా, తొట్లు ఎక్కడున్నాయి? మొదటి కడుగు ఎన్నాళ్ళకు అందుతుంది?"

వల్లెమ చేతులు తుడుచుకుని లేచింది.