ఎముకల మధ్య సందు

పాలు పొంగకుండా ఓ కంట చూస్తూ, పొయ్యిలోకి పిడకలు తోస్తూ, జుమాగుల్ తీగ మీద ఆరేసిన కొడుకు పాంటు వంకే చూస్తోంది. నిరుడు చలి మొదలయ్యే ముందు కుట్టిన నీలం పాంటు అది. ఎప్పట్లాగే అడుగున నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి కుట్టింది. ఏటా ఎండాకాలం వచ్చేసరికి ఆ మడత విప్పి పొడుగు చేసేది. ఈ ఏడు ఎండాకాలం అయిపోవస్తోంది. మడత మాత్రం అలాగే ఉంది.

పధ్నాలుగేళ్ళు నిండాయి తిలెక్‌కి. ఆ వయసులో వాళ్ళ నాన్న మెలిస్ గుమ్మం పైకమ్మికి తల కొట్టుకునేవాడని అత్తగారు బతికుండగా చెప్పేది. వీడేమో ఇంకా దాని కింద నుంచి దర్జాగా నడిచిపోతున్నాడు. పెరుగుదల ఆగిపోయిందా? ఎముకల్లో ఏదైనా జబ్బా? కడుపులో పురుగా? ఏదీ కాకపోతే పేరు తెలియని జబ్బేమో, అది ఇంకా భయం. ఆ మాటకొస్తే వాకిట్లో కుక్క కూడా ఆమెకి అనుమానంగానే ఉంది. ఈ మధ్య దాని పొట్ట నేలకి ఆనుతోంది. దానికి నీరు పట్టిందేమోనని రెండు రోజులుగా బెంగ.

"దానికేం రోగం లేదు, తిండెక్కువై ఒళ్ళు చేసింది," అన్నాడు మెలిస్, వ్యాను చక్రాలకి గాలి చూసుకుంటూ. ఊరి నుంచి పట్నానికి మనుషుల్ని చేరవేసే వ్యాను అతనిది. "నువ్వు ఈ ఇంట్లో చీపురుకి కూడా జబ్బు చేసిందంటావు."

"దానికి తిండెక్కువ ఎవరు పెట్టారయ్యా? నేనైతే ఎముకలు తప్ప వెయ్యలేదు."

మెలిస్ నవ్వి వ్యాను కిందికి దూరాడు.

కొట్టం దగ్గర ఆమె మామగారు సాత్కిన్ ముసలాయన ఉన్ని తూచే కాటాని దూలానికి వేలాడదీసి, దాని కొక్కేనికి తగిలించిన తాడు ఉయ్యాలలో మనవణ్ణి కూర్చోబెట్టాడు. రోజూ టీకి ముందు జరిగే తంతే ఇది. ముల్లు ఆగాక ఆయన మొహం విప్పారింది.

"ఈక. అచ్చం ఈకలా ఉన్నాడు నా మనవడు. కాష్కాకి వీపు మీద ఎవరైనా ఉన్నారన్న సంగతే తెలీదు."

కాష్కా నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్ర గుర్రం. ఆ లోయలో దూరపు పందేలకి గుర్రాలను తయారుచేసే వాళ్ళలో సాత్కిన్ పేరు పెద్దది. ఆయన చేతికింద ఎన్నో గుర్రాలు గెలిచాయి గాని, సొంత గుర్రం ఒక్కటీ గెలవలేదు. కోత పండగ పందెం ఇంకో వారంలో ఉంది. దూరపు పందెంలో గుర్రాలెక్కేది పిల్లలే. కాష్కా మీద మూడేళ్ళుగా తిలెకే.

టీ దగ్గరికి పక్కింటి బురుల్ వచ్చి కూర్చుంది. వాళ్ళాయన కొన్న గుర్రప్పిల్లని ఈ పండక్కే చిన్న పందెంలో దింపాలని ఆమె గోల.

"ఇందాకే చూశాను," అన్నాడు సాత్కిన్. "దాని మోకాలి మీద వేలు పెడితే ఇంకా మెత్తగా గాడి తగుల్తోంది. మోకాళ్ళు మూసుకోని పిల్లని పరుగెత్తిస్తే జన్మంతా కుంటుతుంది. ఇంకో ఏడాది మేపండి. కడుపు నిండా మేపండి."

"మా ఆయనకి ఆగే ఓపికేదీ."

"అయితే మీ ఆయన్నే పరుగెత్తించు. ఆయన మోకాళ్ళు ఎప్పుడో మూసుకున్నాయి."

బురుల్ నవ్వుతూ గిన్నె చాచింది. "ఏమే, నా గిన్నె నిండా పోసెయ్. లేకపోతే మధ్యాహ్నం దాకా కదలను, మావాడికి వండాలి. గేదెలా తింటున్నాడు. మీవాడి ఈడే, మీసం కూడా వచ్చేసింది. వీడేంటే, ఇలాగే ఉన్నాడు?"

గిన్నెలో సగానికి తక్కువ పోస్తే, ఇంకా కూర్చోండి, మళ్ళీ పోస్తాను అని మర్యాద. నిండా పోస్తే తాగి లేవమని. బురుల్ లాంటి చనువున్న మనిషి సరదాకి అడిగి పోయించుకుంటుంది గాని, మామూలుగా ఎవరి గిన్నెనీ అలా నింపరు. జుమాగుల్ నవ్వుతూ నింపింది. కానీ మీసం మాట మాత్రం గుండెలో ముల్లులా దిగింది.

మామగారి ముందు కోడలు ఎదురు మాట్లాడకూడదు. చెప్పాలనుకున్నది ఏ కెటిల్‌కో చెప్పాలి, ఆయన వినాలి. ఆమె కెటిల్ వంక చూసి అంది: "తిలెక్‌కి బూట్లు కొనాలి. రేపు వీణ్ణి పట్నం తీసుకెళ్తున్నాను."

*

చినారా డాక్టరమ్మ వయసులో చిన్నది, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుంటుంది. బూట్లని చెప్పి ఆసుపత్రికి తెచ్చిన తల్లి మీద తిలెక్ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. డాక్టరు వాడి ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్ముని దీపం పెట్టె మీద పెట్టింది.

జుమాగుల్ కళ్ళు గట్టిగా మూసుకుని అడిగింది. "ఏమిటో చెప్పెయ్యండి డాక్టరమ్మా. కేన్సరా?"

"ముందు కళ్ళు తెరువక్కా. చూడు, ఎంత బావుందో."

తెరిచింది. నల్లటి ఫిల్ములో కొడుకు చెయ్యి తెల్లగా మెరుస్తోంది. ప్రతి వేలి ఎముక మొదట్లోనూ ఒక సన్నటి నల్లగీత. మణికట్టు దగ్గర ఇంకొంచెం వెడల్పాటి గీత. ఎముక మీద చిన్న టోపీ పెట్టి, ఆ టోపీని కాస్త పైకెత్తినట్టుంది.

"విరిగిపోయాయా?"

"కాదు. అక్కడే పెరిగేది. ఆ సందులో మెత్తటి పదార్థం ఉంటుంది, అది ఎముకగా మారుతూ ఎముకని పొడుగు చేస్తుంది. పెరగడం అయిపోయాక సందు పూడుకుపోతుంది. నీ చేతికి తీస్తే ఆ గీతలు కనబడవు."

జుమాగుల్ తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఇన్నేళ్ళు పిండి పిసికిన చేతిలో ఇంత కథ ఉందని ఆమెకి తెలీదు. "ఎప్పుడు పూడుకుంటుంది?"

"మగపిల్లల్లో చాలామందికి పదహారు, పదిహేడుకి. కొందరు పద్దెనిమిది దాటాక కూడా కొంచెం పెరుగుతారు. వీడి వయసు పధ్నాలుగు, ఎముకల వయసు పన్నెండు. ఆగిపోలేదు, ఇంకా మొదలే పెట్టలేదు."

"మరి పక్కింటివాడికి మీసాలు వచ్చేశాయి."

"వాడు ముందు మొదలెట్టాడు, బహుశా ముందే ఆగుతాడు. ఆటల దగ్గర జరిగే పొరపాటు ఇదే అక్కా. ముందు ఎదిగినవాడికి పతకాలిస్తారు, ఆలస్యంగా ఎదిగేవాణ్ణి పనికిరాడని ఇంటికి పంపేస్తారు. ఇద్దరి విషయంలోనూ తొందరపాటే." ఆమె తిలెక్ వైపు తిరిగింది. "ఏ ఆట ఆడతావు నువ్వు?"

"గుర్రం ఎక్కుతాను."

"ఓహో, మీ దగ్గర తిరగబడిందన్న మాట. అక్కడ చిన్నగా ఉంటేనే ముద్దు." కళ్ళజోడు పైకి తోసి వాణ్ణి పరీక్షగా చూసింది. "కొందరికి ఆలస్యం పుట్టుకతోనే వస్తుంది. కానీ వీడు బరువు కూడా తక్కువున్నాడు. తిండి చాలకపోతే ఒళ్ళు పెరగడం వాయిదా వేసుకుంటుంది. ఏం తింటున్నాడు?"

జుమాగుల్‌కి రోషం వచ్చింది. "మా ఇంట్లో తిండికి కరువా? పొద్దున్న మీగడ, నూనెలో వేయించిన పిండి బోర్సోక్‌లు. మధ్యాహ్నం మాంసం, నూడుల్సు. అన్నీ మూటకట్టి గుర్రం దగ్గరికి పట్టుకెళ్తాడు."

"నేను పెట్టేదేంటని అడగలేదక్కా. వాడు తినేదేంటని అడిగాను."

తిలెక్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం జుమాగుల్ కొట్టం వెనక గడ్డివామి చాటున నిలబడింది. తిలెక్ మూట విప్పాడు. వేయించిన బోర్సోక్‌ని చాలాసేపు వాసన చూశాడు. తర్వాత కుక్కకి వేశాడు. ఇంకొకటి. ఇంకొకటి. మాంసం ముక్క వేసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కుక్క తోక ఊపుతూ మింగుతుంటే, దానికి నీరు పట్టిందని తను పడ్డ బెంగ గుర్తొచ్చి, అక్కడే వామికి ఆనుకుని కూలబడింది.

సాయంత్రం అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆమె మాంసం గిన్నె తిలెక్ ముందు పెట్టింది. వాడు ఆకలి లేదన్నాడు.

ఆమె కెటిల్‌తో అంది, "కుక్కకి ఆకలి తీరిందట. వీడికి మాత్రం లేదట."

మెలిస్‌కి అర్థం కాలేదు. "ఏమిటి, సరిగా చెప్పు."

చెప్పింది. డాక్టరు మాట, ఎక్స్‌రే, గడ్డివామి చాటున చూసింది, అన్నీ. తిలెక్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేను తినొద్దని ఎప్పుడైనా అన్నానా?" అన్నాడు సాత్కిన్. ఆయన నిజంగానే తెల్లబోయాడు. "అన్నానుట్రా?"

"అనలేదు తాతయ్యా." తిలెక్ గొంతు సన్నగా పలికింది. "ముల్లు పైకెళ్ళిన రోజు నువ్వు మాట్లాడవు. కిందికొచ్చిన రోజు ఈక అంటావు. నేను పెద్దయితే కాష్కాని ఇంకెవరికో ఇచ్చేస్తావు కదా."

మెలిస్ రొట్టెముక్కని రెండుగా, నాలుగుగా తుంచుతూ ఉండిపోయాడు.

"సరే, తప్పయితే తప్పే," అన్నాడు సాత్కిన్ చివరికి. "కానీ పందెం ఇంకో అయిదు రోజులు. కాష్కాకి వయసు మళ్ళుతోంది, నాకూ మళ్ళింది. ఇంతకాలం ఆగాడు, ఈ అయిదు రోజులూ ఆగితే ఏమవుతుంది? తర్వాత గొర్రెని కోసి పెడదాం."

"నాన్నా..." అని మెలిస్ ఆగిపోయాడు.

జుమాగుల్ లేచింది. కెటిల్‌కి చెప్పే మాటలు అయిపోయాయి. సంచిలోంచి ఎక్స్‌రే తీసి మామగారి ముందు పెట్టింది. తర్వాత ఆయన గిన్నె అందుకుని టీ పోసింది. సగం దాటింది. ఆపలేదు. అంచుదాకా వచ్చింది. అప్పుడు కెటిల్ దింపి, గిన్నెని రెండు చేతులా ఆయన ముందు పెట్టింది. పదిహేడేళ్ళ కాపురంలో ఆయన గిన్నె అలా నిండడం అదే మొదటిసారి.

మెలిస్ మొహం పాలిపోయింది. ముసలాయన గిన్నె వంక చూశాడు, కోడలి వంక చూశాడు. గిన్నె ఎత్తి చుక్క మిగల్చకుండా తాగాడు. ఎక్స్‌రే చంకలో పెట్టుకుని, కర్ర అందుకుని బయటికి వెళ్ళిపోయాడు.

*

అప్పుడు మొదలైంది జుమాగుల్‌కి అసలు భయం. ఆయన కూతురింటికి వెళ్ళిపోతాడు. కోడలు ఇంట్లోంచి గెంటేసిందని లోయంతా చెప్పుకుంటుంది. దారిలో వాగు దాటుతూ పడిపోతాడు. ఆ చివరి ఊహ దగ్గర ఇక కూర్చోలేక శాలువా కప్పుకుని పరుగెత్తింది.

ఆయన ఎక్కడికీ పోలేదు. కొండ మీద వెలుగు ఇంకా మిగిలే ఉంది. పక్కింటి కంచె దగ్గర బురుల్ వాళ్ళ గుర్రప్పిల్ల మోకాలి మీద బొటనవేలు పెట్టి నిలబడి ఉన్నాడు. రెండో చేత్తో ఎక్స్‌రేని ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడు. ఒకసారి ఫిల్ము చూస్తాడు, ఒకసారి మోకాలు నొక్కుతాడు.

ఆమె అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "మణికట్టు దగ్గర ఈ నల్లగీత ఉందే, అదేనా?"

"అదే మామయ్యా. పెరిగేది అక్కడేనట."

"యాభై ఏళ్ళుగా వేలితో తడిమి చూస్తున్నాను. కంటితో చూడ్డం ఇదే." ఫిల్ముని ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. "గుర్రప్పిల్లలో ఉన్నది మనిషిపిల్లలో ఉండదని ఎలా అనుకున్నాను అమ్మాయ్? ఎదుటివాడి గుర్రాన్ని మేపమని చెప్పి, ఇంట్లో పిల్లాణ్ణి ఎండబెట్టాను."

ఇక్కడ ఆమె చూడ్డానికి కెటిల్ కూడా లేదు. "చలిగా ఉంది, లోపలికి రండి," అంది, నేరుగా ఆయన మొహంలోకి చూసి.

కొట్టంలోకి వెళ్ళి ఉన్ని కాటాని దూలం మీంచి దింపాడు సాత్కిన్. లోపలికొచ్చి దాన్ని మెలిస్ ఒళ్ళో పెట్టాడు. "ఉన్ని తూచుకో." తర్వాత మనవడి పక్కన కూలబడ్డాడు.

"ఈ ఏడు కాష్కా పరుగెత్తదు."

తిలెక్ తలెత్తాడు. "నా వల్లేనా?"

"నా వల్ల. విను. నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక్క శీతాకాలంలో జానెడు పెరిగాను. మా నాన్న ఒక్క మాటైనా అనకుండా నా జీను తీసి ఇంకొకడికి ఇచ్చాడు. ఏడుస్తూ గుర్రం చెమట తుడిచాను. తుడిచీ తుడిచీ, చెమట ఎప్పుడు పల్చబడుతుందో, గుర్రం ఎప్పుడు సిద్ధమవుతుందో తెలిసింది. అదే నా బతుకైంది. అది తెలిసినవాణ్ణి ఎవరూ కాటా మీద కూర్చోబెట్టర్రా. రేప్పొద్దున్నుంచి కాష్కా ఒళ్ళు తుడిచేది నువ్వు. ఎక్కేవాడు ఎవడైనా, ఎప్పుడు ఎక్కాలో చెప్పేది నువ్వు."

"కాష్కా మనింట్లోనే ఉంటుందిగా?"

"నువ్వు తింటే ఉంటుంది. లేకపోతే ఆ కుక్కని ఎక్కించి పందేనికి పంపుతాను, అదైనా కాస్త ఒళ్ళు తగ్గుతుంది."

తిలెక్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మాంసం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మొదటి ముక్క మెల్లగా నమిలాడు. తర్వాత ఎవరూ తన వంక చూడకపోతే బావుణ్ణన్నట్టు తలొంచుకుని గబగబా తినసాగాడు.

సాత్కిన్ ఖాళీ గిన్నెని కోడలి వైపు జరిపాడు.

"అమ్మాయ్, ఈసారి సగమే పొయ్యి."

జుమాగుల్ కెటిల్ ఎత్తింది. కళ్ళలో నీళ్ళు నిండి సగం ఎక్కడో కనబడలేదు. మెలిస్ ఆమె మోచేతి కింద చెయ్యి పెట్టి, సమయానికి కెటిల్ పైకెత్తాడు.

*

మంచు కరిగి వాగు పొర్లుతున్న రోజుల్లో ఆమె నీలం పాంటు ఒళ్ళో పెట్టుకుని మడత కుట్లు విప్పుతోంది. తిలెక్ చీలమండలు రెండూ బయటపడి నెల దాటింది. పొద్దున్న గుమ్మం పైకమ్మికి తల కొట్టుకుని, ఏడవాల్సింది పోయి ఇల్లంతా తిరిగి అందరికీ ఆ బొప్పి చూపించాడు. గొంతు ఒక మాటలో తాతలా, ఇంకో మాటలో మేకపిల్లలా పలుకుతోంది.

"ఇంత తొందరగా పెరగడం మంచిదేనంటావా?" అంది మొగుడితో. "ఏమైనా జబ్బేమో. డాక్టరమ్మని ఒకసారి..."

మెలిస్ పట్నానికి పదమన్నట్టు వ్యాను తాళాలు ఆమె ముందు ఆడించి, నవ్వుతూ బయటికెళ్ళాడు.

ఆఖరి కుట్టు తెగింది. పాంటంతా వెలిసిపోయింది గాని, మడతలో దాగిన గుడ్డ మాత్రం కొన్ననాటి ముదురు నీలంతో బయటికొచ్చింది. జుమాగుల్ దాన్ని అరచేత్తో సాపు చేసింది. ఆ కొత్త రంగుని చూస్తూ, కాసేపు ఏ భయమూ గుర్తుకు రాక, అలాగే కూర్చుండిపోయింది.