రెండో డిస్కు

“మెషీన్ దొరికింది!”

చీఫ్ గొంతులో అంత సంతోషం తాబేలు ఎన్నడూ వినలేదు. తాబేలు అనేది అతని కోడ్ నేమ్. మూడు రోజులుగా రైళ్ళు మారుతూ, గడ్డాలు మారుస్తూ తిరిగొచ్చిన ఆ గూఢచారికి ఆ క్షణాన ఏ శుభవార్త కన్నా ఒక దిండు ముద్దొచ్చేది.

“విదేశీ ముఠా కంప్యూటర్. డబుల్ ఏజెంట్ నెమలి ఎత్తుకొచ్చింది. మన రహస్యాలు మోసే కొరియర్, అదే ‘మాస్టారు’, రైల్లో ఉన్నాడు. సరిగ్గా మూడింటికి సొరంగంలో అతన్ని లేపేస్తారు. హంతకుడిది ఏ వేషమో అందులోని ఫైల్లో ఉంది.”

“చదవండి మరి.”

“అది లేవట్లేదయ్యా!”

రెండూ ఇరవై. ల్యాబ్‌లో లినక్స్ కంప్యూటర్ తెర మీద ‘ఫైల్ సిస్టమ్ చెక్’ అన్న ఒక్క ముక్క, దాని కింద గిరగిరా తిరిగే సున్నా. టెక్నీషియన్ మేడమ్ వేలు పవర్ బటన్ మీదే ఉంది.

“ఇరవై నిమిషాలుగా ఇదే వరస. రెండుసార్లు ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. మళ్ళీ ఆపనా?”

“చెయ్యి తియ్యండి మేడమ్. నిజంగా ఫైళ్ళ తనిఖీ జరుగుతుంటే, మధ్యలో ఆపితే ఉన్నవి కూడా పోతాయి.”

తాబేలు కుర్చీలో కూలబడి, కంప్యూటర్ ముందున్న చిన్న లైటు కేసి చూశాడు. డిస్కు పనిచేస్తుంటే అది మినుకుమినుకుమనాలి. ఉలుకూ పలుకూ లేదు.

“ఇది చెక్ చెయ్యట్లేదు. దేనికోసమో కాచుక్కూర్చుంది. ఇప్పుడు ఆపండి.”

మెషీన్ మళ్ళీ లేస్తుండగా బూట్ మెనూలో ‘క్వయట్’ అన్న మాట చెరిపేశాడు. ఆ మాట ఉన్నంతసేపూ కంప్యూటర్ తన గోడు ఎవరికీ చెప్పుకోదు. ఈసారి తెర నిండా వరసలు పారాయి. ఆఖరి వరసలో అసలు సంగతి బయటపడింది: ఇంకో డిస్కు రావాలి, వచ్చేదాకా ఎదురుచూపే, గడువు లేదు.

“లోపల ఒక్కటే ఉంది!” అంది మేడమ్.

“రెండోది ఎవరో పీకేశారు.”

నెమలి పక్క గదిలోనే ఉంది. ఆమె కన్నా ముందు ఆమె సెంటు పలకరించింది.

“డిస్కు ఇవ్వు.”

“ఏ డిస్కు?” కనుబొమ్మ ఎగరేసింది.

“అమ్మా, నాకు బెదిరించే ఓపిక కూడా లేదు. ఎవరి కోసం దాచావు?”

కనుబొమ్మ దిగింది. “మా చెల్లి ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉంది. అది సరిహద్దు దాటేదాకా చచ్చినా ఇవ్వను.”

గుమ్మంలో చీఫ్ నీళ్ళు నమిలాడు. “ఆ అమ్మాయిని పొద్దున్నే దాటించేశాం కదా.”

“నాకెవరూ చెప్పలేదే!”

“అంటే... అది టాప్ సీక్రెట్.”

తాబేలు కళ్ళు మూసుకున్నాడు. “ఫోన్ కలపండి సార్.”

“అక్కా, తిన్నావా?” అంది అవతలి గొంతు.

నెమలి ఏడుస్తూనే కాలి చెప్పు తీసి, దాని హీలు తిప్పింది. లోపల చూయింగ్ గమ్ రేకంత డిస్కు!

రెండూ యాభై ఒకటి. డిస్కు బిగించగానే లైటు మినుకుమంది. చెక్ మొదలైంది. పది శాతం... నలభై... తొంభై దగ్గర ఓ నిమిషం అందరి ప్రాణాలూ తోడేసి, పూర్తయింది.

“టీసీ వేషం!” వైర్‌లెస్‌లో చీఫ్ అరుపు.

ఇంజన్ సొరంగంలో దూరుతుండగా రైల్లోని గార్డు జవాబిచ్చాడు: “మాస్టారు క్షేమం. దొంగ టీసీకి బేడీలు వేశాం.”

“శభాష్! రేపు తొమ్మిదింటికల్లా రిపోర్టు...”

“రేపు సెలవు సార్. పెళ్ళై నెలైంది, ఇంట్లో ఒక్క కిటికీకీ కర్టెన్ లేదు. రేపు నేనూ మా ఆవిడా కర్టెన్లు తగిలిస్తున్నాం.” తాబేలు గుమ్మం దగ్గర ఆగాడు. “ఇది సీక్రెట్ కాదు. అందరికీ చెప్పండి.”