పాత గ్యాస్ స్టేషన్ దగ్గర ఏడుపు

అక్కడ ఆగొద్దంటారు.

ఫ్లాగ్‌స్టాఫ్ దాటి ఉత్తరానికి పోయే దారిలో, పైన్ చెట్లు అయిపోయి బోడి నేల మొదలయ్యే చోట, ఒక పాత గ్యాస్ స్టేషన్ ఉంది. మూతపడి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. పెట్రోలు పంపులు పీకేశారు, కిటికీలకి చెక్కలు కొట్టేశారు. పైన రేకు కప్పు ఒక్కటే మిగిలింది. గాలి వీచినప్పుడల్లా అది మూలుగుతూ ఉంటుంది.

రాత్రిపూట బండి వెనక ట్రైలర్ ఇల్లు లాక్కుంటూ పోయేవాళ్ళకి ఆ కప్పు కింద జాగా కనబడితే ప్రాణం లేచొస్తుంది. అయినా ఆగరు. ఆగితే — తెల్లారేలోగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుందట. ముందు దూరంగా... తర్వాత దగ్గరగా... చివరికి మీ తలుపు అవతలే. ఎంత ఏడ్చినా తలుపు మాత్రం తీయకూడదట. తీస్తే లోపలికొస్తుంది. వచ్చింది ఊరికే పోదు, లోపలున్న బిడ్డని తోడు తీసుకుని పోతుంది.

చాండ్లర్‌లో ఈ సంగతి అందరికీ చెప్పేది శ్యామ్‌సుందర్ అంకుల్. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన రోజుల నుంచీ ఉన్న మనిషి, అరిజోనాలో ఆయన క్యాంపింగ్‌కి వెళ్ళని అడవి లేదు. కాకపోతే ఏ సంగతికైనా ఉప్పూ కారం కాస్త ఎక్కువే దట్టిస్తాడు. అందుకని శ్రీధర్ నవ్వేశాడు. అతని భార్య వసుమతి మాత్రం నవ్వలేదు. పక్కనే ఉన్న ఆరేళ్ళ కూతురు నైనిక చెవులు రెండు చేతులతో మూసేసింది.

శ్రీధర్ చిప్ కంపెనీలో ఇంజనీరు. ఓ ముసలాయన పెరట్లో తుప్పు పట్టి పడి ఉన్న అరవైల నాటి ట్రైలర్ ఒకటి కొనుక్కొచ్చాడు. మంచం, గ్యాస్ పొయ్యి, బుల్లి సింకు అన్నీ ఉన్న చక్రాల ఇల్లు అది. తెచ్చినప్పుడు లోపల ఎలకలు కాపురం చేస్తున్నాయి. వీకెండ్ వస్తే చాలు, మనిషి గరాజ్‌లోనే. పుచ్చిన నేల పీకి కొత్త చెక్క పరిచాడు, వైర్లన్నీ మార్చాడు, బయట అల్యూమినియం రేకుని మొహం చూసుకునేలా మెరిపించాడు. వసుమతి దానికి 'నా సవతి' అని పేరు పెట్టింది.

"అంత ప్రేమగా నా జుట్టెప్పుడైనా దువ్వారా?" అనేది గరాజ్ గుమ్మంలో నిలబడి.

సవతితో సర్దుకోవడానికి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. చాండ్లర్‌లో బూటు దులపకుండా కాలు పెడితే తేలు కుడుతుంది. "తేలు దూరే సందు ఒక్కటి కనబడినా నేను ఎక్కను" అంది. శ్రీధర్ పట్టుదలగా ప్రతి సందులోనూ ఫోమ్ కొట్టాడు. నేల దగ్గర జల్లెడ బిగించిన కంత ఒకటుంటే దాన్ని కూడా మూసేశాడు.

ట్రైలర్ చూడ్డానికి వచ్చిన అంకుల్ గోడకున్న గ్యాస్ హీటర్ దగ్గర ఆగాడు.

"దీన్ని పీకి అవతల పారెయ్ నాయనా. కొత్తది పెట్టించు."

"అది ఒరిజినల్ అంకుల్! అది తీసేస్తే ఇంక వింటేజ్ ఏముంది?"

చాండ్లర్‌లో చలెక్కడిది? గరాజ్ తలుపు బార్లా తీసి కాసేపు వెలిగించి చూశాడు. నీలం మంట ముచ్చటగా వచ్చింది. హీటర్ పాసైపోయింది.

నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి మొదటి ప్రయాణం, ట్రైలర్‌ని పికప్ బండికి తగిలించుకుని. ఫ్లాగ్‌స్టాఫ్ దాటేసరికి పొద్దు గుంకింది. వెనక వస్తున్న ట్రక్కువాడు అదే పనిగా హారన్ కొట్టి, పక్కకొచ్చి చేత్తో సైగ చేశాడు. ట్రైలర్ వెనక లైట్లు వెలగడం లేదు. దారి పక్కన ఆగుదామంటే జాగా లేదు. ఆ మలుపు తిరగ్గానే కనబడింది... రేకు కప్పు.

"ఇక్కడా? అంకుల్ చెప్పింది ఇదే కదండీ!"

"లైట్లు లేకుండా హైవే మీద పోతే దెయ్యం అక్కర్లేదు వసూ. వెనక వచ్చే ట్రక్కే చాలు."

దిగారు. చలి చెంప మీద కొట్టినట్టుంది. ఫోన్‌లో సిగ్నల్ కూడా లేదు. శ్రీధర్ తలకి దీపం కట్టుకుని, వైర్లో కరెంటు వస్తోందో లేదో చూసే మల్టీమీటర్ పట్టుకుని ట్రైలర్ కింద దూరాడు. దాని తెర వెలగలేదు. విసుక్కుంటూ లోపలికొచ్చాడు.

సరిగ్గా అప్పుడే వసుమతి పులిహోరకి పోపు వేసింది. ఎండుమిరపకాయల ఘాటు ఆ చిన్న ట్రైలర్ అంతా కమ్ముకుంది. సీలింగ్‌కున్న అలారం — పొగకీ, విషపు గాలికీ ఒకటే — కీచుమని అరిచింది. ఇంట్లో అయితే పోపు పెట్టేముందు అలారానికి షవర్ క్యాప్ తొడగడం ఆవిడకి అలవాటు. ఇక్కడ మర్చిపోయింది. శ్రీధర్ దాన్ని ఊడబీకాడు. అయినా అరుపు ఆపదు! దుప్పట్లో చుట్టి, మంచం కింద సామాన్ల పెట్టెలో కుక్కి మూత వేశాడు. నైనిక పడీ పడీ నవ్వింది.

తిన్నాక శ్రీధర్ మంచం కింద పెట్టెలో ఏదో కెలికి, మళ్ళీ బయటికెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే మీటర్ తెర వెలుగుతోంది.

"బతికిందా?" అని అరిచింది వసుమతి.

"బతికింది! వైరు ఎక్కడ తెగిందో దొరికింది. పొద్దున వెలుతుర్లో కలుపుతా."

హీటర్ వెలిగించాడు. కిటికీలన్నీ బిగించారు. కాసేపటికే లోపల హాయిగా, వెచ్చగా అయింది. వసుమతి మాత్రం తలుపు గడియ లాగి లాగి చూసింది. 

"అమ్మా, మై హెడ్ హర్ట్స్" అంది నైనిక.

"నిద్ర చాలక తల్లీ. పడుకో."

తనకీ తల దిమ్ముగానే ఉంది. ప్రయాణం కదా అనుకుంది. కూతుర్ని పొదువుకుని కళ్ళు మూసింది.

ఎంతసేపు పడుకుందో తెలీదు. ఏదో వినిపించి మెలకువ వచ్చింది. రేకు కప్పు మూలుగుతోంది. గాలి... గాలే అనుకుంది.

గాలి ఆగింది. అది ఆగలేదు.

ఏడుపు. సన్నగా, ఆగి... మళ్ళీ మొదలై... ఆగి... మళ్ళీ. పిల్లని పెంచిన మనిషికి ఆ ఏడుపు తెలీకపోవడమేమిటి? పాలకి ఏడ్చే పసిబిడ్డ.

"ఏవండీ..."

శ్రీధర్ పక్కనే ఉన్నాడు. మోచేత్తో పొడవబోయింది. చెయ్యి లేవలేదు. రాయి కట్టినట్టు అక్కడే పడి ఉంది. కాళ్ళు కదుపుదామనుకుంటే అవి తనవి కానట్టే ఉన్నాయి.

ఏడుపు దగ్గరికొచ్చింది. తలుపు అవతల... కాదు... మంచం కింద. తన వీపు కిందే!

వసుమతికి ఆంజనేయ దండకం మొదటి మాట కూడా గుర్తు రాలేదు. చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన దండకం! మనసులోంచి ఎవరో తుడిచేసినట్టు పోయింది. కళ్ళ ముందు గోడలు దగ్గరికొస్తున్నాయి. హీటర్‌లో నీలం మంట కాస్తా పసుపుపచ్చగా నాలుకలు చాపుతోంది.

"నైనీ... నైనీ..."

పిల్ల పలకలేదు. బలమంతా కూడదీసుకుని చెయ్యి జరిపి, పిల్ల బుగ్గ మీద వేసింది. తట్టింది. గిల్లింది. తల అటు వాలిపోయింది, అంతే.

ఆ క్షణంలో వసుమతికి అన్నీ అర్థమైపోయాయనిపించింది. అది వచ్చేసింది. తలుపు తీయకపోయినా వచ్చేసింది. తన బిడ్డని తీసేసుకుంది. కన్నతల్లి పక్కనే ఉండి వేలు కూడా అడ్డం పెట్టలేకపోయింది.

ఏడవడానికి కూడా ఓపిక లేదు. కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారిపోయాయి.

అంకుల్ మాట చెవిలో మోగుతూనే ఉంది. తలుపు తీయకండి... తీయకండి... తీయక ఇంకేం కాపాడుకోవాలి? తీస్తాను. తీసి దాని కాళ్ళ మీద పడతాను. నన్ను తీసుకుపో, నా పిల్లని నాకిచ్చెయ్ అంటాను.

మంచం మీద నుంచి దొర్లింది. నేల మీద దబ్బున పడింది, దెబ్బ తగిలినట్టే తెలీలేదు. తలుపు చేయి చాపితే అందేంత దూరంలో ఉంది. అదే ఆమెకి ఊరి అవతల ఉన్నట్టుంది. మోచేతుల మీద పాకింది. ఆగింది. ఆగితే నిద్రొస్తోంది... ఎంత కమ్మని నిద్ర... ఇక్కడే పడుకుంటే చాలు...

ఏడుపు గట్టిగా లేచింది. పడుకోనివ్వలేదు.

మళ్ళీ పాకింది. గడియ మీద చెయ్యి వేసింది, జారిపోయింది. మళ్ళీ వేసింది. వేళ్ళలో పట్టు లేదు. చివరికి గడియకి మణికట్టు తగిలించి, ఒంటి బరువంతా దాని మీద వేలాడదీసింది.

తలుపు తెరుచుకుంది. వసుమతి సగం బయటికి వాలిపోయింది.

"ఇచ్చెయ్యమ్మా..." అంది చీకట్లోకి. "నీకు దండం పెడతాను... నా బిడ్డని ఇచ్చెయ్..."

ఏడుపు టక్కున ఆగిపోయింది.

చీకట్లో ఎవరూ లేరు. చల్లగాలి రివ్వున లోపలికి దూసుకుపోయింది. ఆ గాలి పీల్చిన కొద్దీ తల కాస్త కాస్తగా తేలికపడింది. పీల్చి పీల్చి, వెనక్కి పాకి, నైనిక కాలు పట్టుకుని ఈడ్చుకొచ్చింది. శ్రీధర్‌ని కదిలించలేకపోయింది. పాక్కుంటూనే పికప్ దాకా పోయి, హారన్ మీద తల ఆనించి ఉండిపోయింది. ఆ మోత విని దారిన పోయే ట్రక్కు ఒకటి ఆగింది. దాని డ్రైవరే రేడియోలో సాయం పిలిచాడు.

ఫ్లాగ్‌స్టాఫ్ ఆస్పత్రిలో ముగ్గురి మొహాలకీ ఆక్సిజన్ పెట్టారు. తెల్లారాక నైనిక కళ్ళు తెరిచి, మాస్క్ పక్కకి లాగి, "అమ్మా, పులిహోర ఇంకా ఉందా?" అంది. వసుమతి అప్పుడు ఏడ్చింది, నర్సులు కంగారుపడేటంత గట్టిగా.

డాక్టరు చెప్పాడు. అది కార్బన్ మోనాక్సైడ్ పని. రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. ముసలి హీటర్ దాన్ని వదిలింది, తేళ్ళ కోసం మూసిన కంతలు దాన్ని బయటికి పోనివ్వలేదు. ఇంకాసేపు తలుపు మూసి ఉంటే ముగ్గురూ దక్కేవారు కాదు.

మర్నాడు నైనికని నర్సుల దగ్గర ఉంచి, ట్రైలర్‌లో సామాన్లు తెచ్చుకోవడానికి ఇద్దరూ మళ్ళీ అక్కడికి వెళ్ళారు. అప్పటికే లోపలంతా చూసిన పోలీసాయన, పెద్దవయసు మనిషి, దుప్పటి చుట్ట ఒకటి పట్టుకొచ్చి వసుమతి చేతిలో పెట్టాడు.

"మీరు ఏడుపు విన్నానన్నారు కదా. ఇదిగో, మీ బిడ్డ. మంచం కింద దొరికింది."

దుప్పట్లో అలారం. వసుమతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పసిబిడ్డా లేదు, దెయ్యమూ లేదు! దుప్పట్లో చుట్టిన అలారం ఆగి ఆగి అరిస్తే, మత్తులో తనకి అలా వినిపించింది. అంకుల్‌కి ఫోన్ చేసి నాలుగు దులపాలి.

"అయినా ఈ చోటు మంచిది కాదమ్మా" అన్నాడు పోలీసాయన. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇక్కడే... ఇలాగే ఒక ట్రైలర్, ఇలాంటి హీటరే. మొగుడూ పెళ్ళాం, చంటిపాప. ఆ పాప చాలాసేపు ఏడ్చిందట. పక్క ట్రైలర్‌వాళ్ళు విన్నారు. పిల్లలు ఏడవరా అనుకుని పడుకున్నారు. ఎవరూ వచ్చి తలుపు తీయలేదు."

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

వసుమతి అలారాన్ని చీర కొంగుతో తుడిచినట్టు స్వెటర్ అంచుతో తుడిచింది. "ఇంక పోపు లేకపోయినా ఫరవాలేదు, దీన్ని మాత్రం పీకనివ్వను" అంటూ వెనక్కి తిప్పింది.

బ్యాటరీ ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది.

"ఏవండీ, ఇందులో బ్యాటరీ ఏదీ? పోలీసాయన తీశాడా?"

శ్రీధర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పికప్‌లోంచి మల్టీమీటర్ తీసుకొచ్చాడు. దాని వెనక మూత తెరిచి చూపించాడు.

"వైరు చూడ్డానికి... రాత్రి నేనే తీశాను వసూ. మీరు పడుకోకముందే. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను."

బ్యాటరీ మీటర్‌లోనే ఉంది.

పైన రేకు కప్పు మూలిగింది. వెళ్ళేముందు శ్రీధర్ ట్రైలర్ తలుపు వేయబోతే, వసుమతి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి" అంది మెల్లగా. "తీసే ఉండనివ్వండి."