నీళ్ళు తగలకూడదు

ఆవులప్ప చనిపోయిన నాలుగో రోజున ఏజెంట్ ఆదినారాయణప్పకు కబురు వచ్చింది.

చిక్కపేటలో ఒక కళ్ళద్దాల షాపు. దాని వెనుక గదిలో అక్షరాల బోర్డు ముందు అతన్ని కూర్చోబెట్టి, చీఫ్ జయరామప్ప అతని కంటికి అద్దం తగిలించాడు. చూసేవాళ్ళకు అది కంటి పరీక్ష. నిజానికి అది బ్రీఫింగ్.

"ఓల్డ్ మద్రాస్ రోడ్డులో రాడార్ భాగాలు చేసే ఫ్యాక్టరీ ఉండాది గదా. ఆడ కెమికల్ వేస్ట్ గోడౌన్ కీపరు ఆవులప్ప. మన మనిషే. విషవాయువు పీల్చి పోయినాడని రిపోర్టు."

"మీరు నమ్మలేదా?"

"ఇరవై ఏండ్లు యాసిడ్లతో బతికినోడప్పా. మాస్కు లేకుండా లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. వాని మాస్కు మేకుకు తగిలించినట్టే ఉండాది."

చీఫ్ అద్దం మార్చాడు.

"ఆరు నెలలుగా ఒక పరదేశి ఆ ఫ్యాక్టరీకి వస్తాండాడు. ఫైర్ సేఫ్టీ కన్సల్టెంట్. హార్ట్‌మన్ అని చెప్పుకొంటాడు. వాని సెక్రటరీ ఎలిజబెత్ మన మనిషి. అని నేననుకొంటాండా. తన మనిషని హార్ట్‌మన్ అనుకొంటాండాడు."

"మరి ఆమె ఏమనుకుంటోంది?"

"అది కనుక్కొనేది నీ పని."

చీఫ్ ఒక ఫౌంటెన్ పెన్ను అతని జేబులో పెట్టాడు. మూత ఎడమకు తిప్పితే ఎర్రటి పొగ వస్తుంది. అది కనిపిస్తే గేటు బయట కాచుకున్న మనవాళ్ళు లోపలికి వస్తారు.

మర్నాడు ఖాకీ చొక్కా, నూనె పెట్టి అణిచిన జుట్టు, పవర్ లేని కళ్ళద్దాలతో గోడౌన్ కీపరు రామయ్య డ్యూటీలో చేరాడు. ఆరేళ్ళలో ఆదినారాయణప్ప పెట్టుకున్న తొమ్మిదో పేరు అది.

గోడౌన్ ఫ్యాక్టరీ ఆవరణలో ఒక చివరన ఉంది. అక్కడికి ఎవరూ రారు. వేస్ట్ డ్రమ్ములు తోసుకొచ్చే కూలీలు కూడా వాటిని గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్ళిపోతారు. ఒక్కొక్క డ్రమ్మూ ఏమిటో తేల్చి, చీటీ అంటించి, దాని చోటులో పెట్టడం కీపరు పని. మండేవాటికి ఎర్ర చీటీ. మంటకు బలమిచ్చేవాటికి పసుపు. ఈ రెండింటికీ మధ్య ఇటుక గోడ ఉండి తీరాలి. చాకలి సోడా లాంటి గొడవలేని సరుకుకు తెల్ల చీటీ. నీలం చీటీ మాత్రం నీళ్ళు తగలకూడని వాటికి. సోడియం ముక్కల్ని కిరసనాయిల్లో ముంచి, చుక్క కూడా కారని మూల గదిలో పెడతారు. నీళ్ళు తగిలితే అవి పేలిపోతాయి.

సాయంత్రం బస్సులో అతని పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఆ యాసిడ్ల వాసనకు ఎవరూ కూర్చునేవారు కాదు. నగర్తపేటలో అతను అద్దెకుండే గదికి ఇంటావిడ భాగీరథమ్మ మాత్రం రోజూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునైనా వచ్చి పలకరించేది.

"ఊరికి జాబు రాసుకోవా అప్పా? నీకు ఎవరూ లేరా?"

"లేరమ్మా."

"అట్లుంటారా ఎవరైనా! సుమ్నె, ఊరికే చెప్తాండావు."

ఎవరైనా అలా ఉంటారని తొమ్మిది పేర్లలోనూ అతనికి తెలుసు. ఆవిడ వెళ్ళాక తలుపు వేసుకుని, వంటినుంచి పోని ఆ వాసనతోనే అన్నం తినేవాడు.

ఎనిమిదో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, గోడౌన్ ముందు నల్ల మారిస్ కారు ఆగింది. సముద్రపు నీలం చీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో ఫ్లాస్కు. ఆ ఆవరణలో అలాంటి మనిషి దిగడం కూలీలు దూరం నుంచి పని ఆపి చూశారు.

"మీ గోడౌన్‌లో పిల్లి ఉందాండీ?" అంది ఎలిజబెత్.

"ఎలుకలే రాని చోట పిల్లికేం పని మేడమ్?"

కోడ్ సరిపోయింది. ఆమె తలుపు పక్కన బల్ల మీద కూర్చుని ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో కాఫీ పోసింది.

"సోమవారం పదకొండుకి ఫైర్ డ్రిల్. ఈ గోడౌన్ మీదే. ఏదో చేస్తున్నారు. తొమ్మిదో వరుస చూడండి."

"ఎవరు చెప్పారు?"

"హార్ట్‌మన్ ఫోన్లో అంటుంటే విన్నాను." ఒక కప్పు అతని వైపు జరిపింది. "మాది ఒంగోలు దగ్గర. నేనిక్కడ నర్సునని మా అమ్మ అనుకుంటోంది. ప్రతి ఆదివారం నాకోసం చర్చిలో ప్రార్థన చేయిస్తుంది, రోగుల్ని బాగా చూసుకోవాలని. మీకెవరున్నారు?"

"రామయ్యకు ఎవరూ లేరు మేడమ్."

"రామయ్య సంగతి అడగలేదు నేను."

అతను కప్పు అందుకుని బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ కాఫీ అయ్యేదాకా లేవలేదు. ఆరేళ్ళలో ఒక మనిషి పక్కన అంతసేపు కూర్చోవడం అతనికి అదే మొదటిసారి.

శని, ఆదివారాలు తొమ్మిదో వరుసలో ప్రతి డ్రమ్మూ తెరిచి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె పొరబడిందా, అబద్ధమాడిందా? మొదటిదే నిజం కావాలని అతనికి ఉంది. ఏజెంటుకు అలా ఉండకూడదు.

సోమవారం ఉదయం పదిన్నర. డ్రిల్ కోసమని హార్ట్‌మన్ మనుషులు కప్పు మీద నాలుగు రేకులు ఊడదీసి ఉన్నారు. పైపుల్లోంచి నీళ్ళు నేరుగా లోపలికి పడటానికట. ఆ రేకుల కింద ఉన్నది రెండో వరుస. అన్నీ తెల్ల చీటీలు, చాకలి సోడా.

ఆదినారాయణప్ప అక్కడ ఆగిపోయాడు. కిరసనాయిలు వాసన.

చాకలి సోడాకు కిరసనాయిలు వాసన ఎందుకు వస్తుంది?

గోటితో చీటీ అంచు లేపాడు. తెల్లదాని కింద నీలం చీటీ ఉంది. తర్వాతి డ్రమ్మూ అంతే. పద్నాలుగు డ్రమ్ములూ అంతే. నిన్నటిదాకా బిగించి ఉన్న మూతలు ఇప్పుడు వదులు చేసి ఉన్నాయి. గోడకు అవతల ఇట్టే అంటుకునే థిన్నర్ నిల్వ, ముప్ఫై గజాల్లో రాడార్ డిజైన్ హాలు, డ్రిల్ చూడటానికి బయట వరుసల్లో నిలబడిన మూడు వందల మంది. బాంబు లేదు, వత్తి లేదు. మన ఫైరింజనే వచ్చి పేల్చిపోతుంది.

ఆవులప్ప చూసింది ఇదే.

"యూ ఆర్ ఎ గుడ్ కీపర్, మిస్టర్ రామయ్య," అన్నాడు వెనకనుంచి హార్ట్‌మన్. చేతిలో మడిచిన కోటు, కోటు కింద పిస్టల్. అతని వెనుక ఎలిజబెత్. "ముందున్నవాడూ మంచి కీపరే. రేపు ఎంక్వైరీ కమిటీ కీపరు అజాగ్రత్త అని రాస్తుంది. చీటీలన్నీ తప్పు అంటించాడని."

"తొమ్మిదో వరుస అన్నారు," అన్నాడు ఆదినారాయణప్ప ఎలిజబెత్‌తో.

"నన్ను అదే చెప్పమన్నారు," అంది ఆమె. కళ్ళద్దాల వెనుక ఏముందో కనిపించలేదు.

"తాళం వెయ్యి," అన్నాడు హార్ట్‌మన్ ఆమెతో, వెనక్కి అడుగు వేస్తూ.

ఇనుప తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు, తాళం చప్పుడు. బయట సైరన్ మోగింది. అతను తలుపు బాదాడు. ఆ సైరన్‌లో ఎవరికి వినబడుతుంది! చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోయి ఆగింది. పొగ కనిపిస్తే ఫైరింజనువాళ్ళు ఏం చేస్తారు? ఇంకో రెండు పైపులు తిప్పుతారు. చీఫ్ ఇచ్చిన పెన్ను ఇప్పుడు పొగ వదలడానికే కాదు, ముట్టుకోవడానికి కూడా పనికిరాదు.

ఇసుక బకెట్లు తెచ్చి రెండు డ్రమ్ముల మీద కుమ్మరించాడు. ఇంకా పన్నెండు. బయట ఎవరో మైకులో లెక్క మొదలుపెట్టారు. "పది... తొమ్మిది..."

ఆఖరిసారి అని భుజంతో తలుపును గుద్దాడు. తలుపు తెరుచుకుంది.

తాళం గడియ పక్కన ఊరికే వేలాడుతోంది. చప్పుడు వినిపించేలా కొట్టిందే తప్ప ఆమె గడియ పూర్తిగా నెట్టలేదు, తాళం తగిలించలేదు.

ఎలిజబెత్ ఎవరి మనిషో అప్పుడు తెలిసింది. దాని గురించి ఆలోచించే తీరిక లేదు. ఇరవై అడుగుల్లో, ఫైరింజను పైపులకు నీళ్ళిచ్చే మెయిన్ వాల్వు గుంట. అందులోకి దూకి చక్రాన్ని పట్టుకున్నాడు. తుప్పు పట్టి కదల్లేదు. "నాలుగు... మూడు..." కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. అరచేతి చర్మం ఊడి వచ్చింది. చక్రం తిరిగింది.

కప్పు వైపు ఎత్తిన పైపులు ఒక్కసారి బిగుసుకుని మెత్తబడిపోయాయి. నోటి దగ్గర వేలాడిన నాలుగు చుక్కలు, డ్రమ్ముల దాకా రాకుండా, గోడ మీద పడి ఆరిపోయాయి.

అప్పుడు ఆదినారాయణప్ప పెన్ను మూత తిప్పాడు.

గేటు దగ్గర హార్ట్‌మన్‌ను పట్టుకున్నారు. ఎలిజబెత్‌కు కూడా బేడీలు వేశారు. తప్పదు. జైల్లో ఉన్న హార్ట్‌మన్ ఆమెను తన మనిషే అనుకుంటూ ఉండాలి. అతని వెనుక ఇంకెవరున్నారో ఆమె ఇంకా కనుక్కోవాలి. జీపు కదిలేముందు ఆమె కళ్ళద్దాలు తీసి ఒక్కసారి చూసింది. గుంటలోంచి బయటికొచ్చిన అతను చెయ్యి ఎత్తబోయి దించేశాడు. గోడౌన్ కీపరుకు ఆమెతో ఏం పరిచయం?

జీపు హొసకోటె వైపు తిరిగి కనబడకుండా పోయింది. అతను లోపలికి వెళ్ళి, పద్నాలుగు డ్రమ్ముల మూతలూ బిగించి, తెల్ల చీటీలు గోకేసి, ఒక్కటొక్కటిగా మూల గదికి దొర్లించాడు. రక్తం కారే చేతులతో అది అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. ఎవరూ సాయం రాలేదు.

మర్నాడు పేపర్లో రెండు వాక్యాలు వచ్చాయి. నీళ్ళు రానందువల్ల డ్రిల్ వాయిదా పడిందని. అనుమతి లేకుండా వాల్వు కట్టేసినందుకు కీపరు రామయ్యను ఉద్యోగంలోంచి తీసేశారని. జయరామప్ప రాయించిందే.

అతను పెట్టె సర్దుకుంటుంటే భాగీరథమ్మ వచ్చింది. ఈసారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. కట్టు కట్టిన అతని చేతులు చూసి, పెట్టె తాళ్ళు తానే బిగించింది.

"నీళ్ళు కట్టేసినావని పనిలోనుంచి తీసేసినారంట గదప్పా?"

"అవునమ్మా."

"అన్యాయం," అంది ఆవిడ. "మా వీధికి దినామూ నీళ్ళు కట్టేస్తాండారు, వాళ్ళల్లో ఒక్కన్నైనా తీసేసినారా?"